మూడు వేల తెలుగు పుస్తకాలు, స్కాన్ చేస్తే ఒక్కటీ దొరకదు: కేటలాగు ఎలా చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తెనాలి ఇంట్లో నాన్నగారి పుస్తకాలు మూడు వేల దాకా ఉన్నాయి, ముప్పాతిక మువ్వీసం తెలుగే. మీరు డాలస్‌లో ఉంటారు. మొన్న సెలవుల్లో ఫోన్ యాప్‌తో బార్‌కోడ్లు స్కాన్ చేయబోతే పదింట ఒకటి కూడా రాలేదు. ఏ యాప్ మంచిది, ఊళ్లో మిత్రులు నడిపే చిన్న గ్రంథాలయానికీ అదే పనికొస్తుందా, డబ్బిచ్చి ఎవరిచేతనైనా చేయించవచ్చా అని మీ ప్రశ్నలు. కాలేజీ గ్రంథాలయంలో చాలా ఏళ్లు పనిచేసి, బయట ఇళ్లలోనూ ఊళ్లలోనూ ఈ పని చేయించిన అనుభవంతో చెబుతున్నాను. కాస్త పెద్ద జవాబే, ఓపిక పట్టండి.

యాప్ మార్చినంత మాత్రాన ఏమీ మారదు. ఏ యాప్ అయినా బార్‌కోడ్ కింద ఉన్న ఐఎస్‌బీఎన్ అంకెను (ఒక్కో పుస్తకానికి ఇచ్చే గుర్తింపు అంకె) తీసుకుని అమెజాన్‌నో, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌నో, ఇంకో గ్రంథాలయాన్నో అడుగుతుంది. అక్కడ ఎవరో ఒకరు ఆ పుస్తకం వివరాలు ముందే ఎక్కించి ఉంటే మీ తెర మీదికి వస్తాయి, లేకపోతే లేదు. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. మన ప్రచురణకర్తలు దాన్ని పట్టించుకోవడానికి ఆ తరవాత చాలా కాలం పట్టింది. కాబట్టి నాన్నగారి బీరువాల్లో పాత పుస్తకాలకు అసలు అంకే ఉండదు. ఇప్పటికీ సొంత ఖర్చుతో ఐదు వందల కాపీలు వేసుకునే రచయితలు చాలామంది దాని జోలికి పోరు. మన దేశంలో ఆ అంకె ఇచ్చే రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పైసా తీసుకోదు. అయినా అంతే.

అంకె ఉన్నా నమ్మకం లేదు. మన దేశపు పుస్తకాలైతే 978 తరవాత 81 గానీ 93 గానీ కనిపించాలి. అట్ట వెనక బార్‌కోడ్ ఉండి అది 978తో గానీ 979తో గానీ మొదలు కాకపోతే అది షాపువాళ్లదో, ఇంకెవరిదో. 2007కు ముందు వచ్చిన పుస్తకాల మీద పదంకెలే ఉంటాయి, దాంతో ఇబ్బంది లేదు, ఏ సైటైనా తనే పదమూడుకు మార్చుకుంటుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, కొందరు ప్రచురణకర్తలు ఒకే అంకెను రెండు మూడు పుస్తకాలకు వాడేస్తారు. స్కాన్ చేస్తే కథల సంపుటి బదులు వంటల పుస్తకం వస్తుంది. పేరు సరిగ్గానే వచ్చినా అది ఎవరో తోచినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన పేరై ఉంటుంది.

అందుకని నా మాట వింటే స్కాన్‌ను ఇంగ్లీషు పుస్తకాలకే ఉంచండి. ఒక శని ఆదివారాల్లో అయిపోతుంది. తెలుగువి మీ చేత్తో మీరే రాసుకోవాలి. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, ఒకసారి సరిగ్గా రాసుకుంటే ఆ వివరాలు మీవి. రేపు ఏ సైటు ఉన్నా పోయినా టెన్షన్ లేదు.

సైట్లు పోతాయి కూడా. షెల్ఫారీ అని ఒకటి ఉండేది, బొమ్మల అల్మరా లాగా ముచ్చటగా. 2008లో అమెజాన్ కొన్నది, 2016లో మూసి గుడ్‌రీడ్స్‌లో కలిపేసింది. 2013 నుంచి గుడ్‌రీడ్స్ కూడా అమెజాన్‌దే. బయటి యాప్‌లు దాని వివరాలు వాడుకునే ఏర్పాటును 2020 చివర్లో కొత్తవాళ్లకు ఆపేశారు. దాని మీద ఆధారపడిన చిన్నచిన్న యాప్‌లు ఇరుకున పడ్డాయి. కాబట్టి అసలు కేటలాగు మీ దగ్గర ఎక్సెల్ లాంటి ఒక షీట్‌లో ఉండాలి. సైటు దాని అద్దం మాత్రమే.

ఆ షీట్‌లో ఏం రాయాలన్నది చెబుతాను. మొదటి గడిలో వరస అంకె. తరవాత పుస్తకం పేరు తెలుగులో, పక్కనే అదే పేరు మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో, మీరు వాట్సాప్‌లో కొట్టేటట్టు. ఇది అనవసరం అనిపిస్తుంది, కానీ తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్ ముందు కూర్చున్న రోజు, తెలుగు చదవలేని మీ పిల్లలు వెతికిన రోజు దీని విలువ తెలుస్తుంది. రచయిత పేరుకు రెండు గడులు పెట్టండి, ఎందుకో కింద చెబుతాను. అనువాదకుడు లేదా సంపాదకుడు, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, ఎన్నో ముద్రణ, పేజీలు, రకం, ఎక్కడుంది, ఐఎస్‌బీఎన్ ఉంటే అది, చివర్లో ఒక ఖాళీ గడి మీ ఇష్టం వచ్చింది రాసుకోవడానికి. పేజీల సంఖ్య వదిలేయకండి. ఒకే పుస్తకం రెండు ముద్రణల మధ్య తేడా పట్టించేది అదే.

వివరాలు అట్ట మీంచి తీసుకోకండి. లోపలి పేరు పేజీ, దాని వెనక ముద్రణ వివరాల పేజీ చూడాలి. అట్ట మీద పేరు కుదించో, అందంగా విరిచో వేస్తారు. తెలుగు పుస్తకాల్లో చాలామంది బోల్తా పడేది ‘ప్రతులకు’ దగ్గర. ‘ప్రతులకు’ అని పెద్ద పుస్తకాల షాపుల అడ్రసులు ఉంటాయి. వాళ్లు అమ్మేవాళ్లు, ప్రచురించినవాళ్లు కారు. ప్రచురణ ఎవరిదో వేరే వరసలో ఉంటుంది. తరచుగా అది రచయిత భార్య పేరో, ఇంటి పేరుతో పెట్టుకున్న ప్రచురణ సంస్థో అయి ఉంటుంది. ‘ముద్రణ’ అన్నచోట ఉన్నది ప్రెస్సు. ఈ మూడింటినీ కలిపేస్తే తరవాత విడదీయడం మహా చిరాకు.

సంవత్సరం లేని పుస్తకాలు బోలెడు తగులుతాయి. అక్కడ కాస్త డిటెక్టివ్ పని చేయాలి, నాకైతే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా సరదా ఇదే. ఉదాహరణకు పీఠిక చివర ‘విజయ నామ సంవత్సర విజయదశమి’ అని ఉందనుకోండి. అరవై ఏళ్ల చక్రంలో విజయ వచ్చింది 1893లో, 1953లో, 2013లో. ఏదో ఎలా తెలుస్తుంది? వెల చూడండి. ‘రు. 1-8-0’ అని ఉంటే రూపాయి ఎనిమిది అణాలు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కాబట్టి 2013 కాదు. కాగితం, అచ్చు, పీఠిక రాసినాయన ఎవరో చూస్తే 1893 కూడా కాదని తేలిపోతుంది. 1953 అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, చదరపు బ్రాకెట్లో ఉంచండి. పుస్తకంలో అచ్చు కాలేదు, మనం ఊహించాం అని దాని అర్థం. అలాగే అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతది. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తరవాతది. వెల ముందు కొత్త రూపాయి గుర్తు ఉంటే 2010 తరవాత వేసిన ముద్రణ. మొదటి పేజీలో నాన్నగారు కొన్న తేదీ రాసుకునే అలవాటు ఉంటే ఇంకేం కావాలి, అంతకన్నా తరవాతిది కాదని తేలినట్టే.

రచయిత పేర్ల దగ్గరికి వద్దాం. కేటలాగు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒక పుస్తకం మీద రావిశాస్త్రి అని, ఇంకోదాని మీద రాచకొండ విశ్వనాథశాస్త్రి అని, మూడోదాని మీద రా. వి. శాస్త్రి అని ఉండవచ్చు. మనిషి ఒక్కడే. అందుకే రెండు గడులు. ఒకదాంట్లో పుస్తకం మీద ఉన్నట్టు, రెండోదాంట్లో మీరు ఖాయం చేసుకున్న ఒకే రూపం. ఏ రూపం అన్నది మీ ఇష్టం, జనం నోట్లో నలిగినది పెట్టుకుంటే మంచిది. అయితే పెట్టుకున్నాక మార్చవద్దు. డాక్టర్, ఆచార్య, శ్రీ, శ్రీమతి, కవిసార్వభౌమ లాంటివి ఈ గడిలోకి రానివ్వవద్దు. లేకపోతే వరసలో పెట్టినప్పుడు సగం తెలుగు సాహిత్యం ‘డా’ దగ్గర చేరుతుంది. షీట్‌లో ఈ గడికి డ్రాప్‌డౌన్ జాబితా పెట్టుకోండి. అప్పుడు టైపు చేయడం ఉండదు, ఎంచుకోవడమే.

ఇంటిపేరు ముందు రావడం మన పద్ధతి. పాశ్చాత్యుల సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు. కామా లేకుండా ‘విశ్వనాథ సత్యనారాయణ’ అని ఎక్కిస్తే చివరి మాటే ఇంటిపేరనుకుని ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని తిప్పేస్తుంది. అప్పుడు సత్యనారాయణలందరూ ఒకే కుటుంబం అవుతారు. దానికి మందు చిన్నదే. మీరే ఇంటిపేరు తరవాత కామా పెట్టి ‘విశ్వనాథ, సత్యనారాయణ’ అని ఇవ్వండి, ఇక అది ముట్టుకోదు. శ్రీశ్రీ, చలం లాంటి కలం పేర్లకు కామా అవసరం లేదు.

ఇక అక్షరాల గొడవ. కథ, కధ రెండూ అచ్చు పుస్తకాల మీదే కనిపిస్తాయి. పుస్తకం మీద ‘కధలు’ అని ఉంటే పేరు గడిలో అలాగే ఉంచండి, అది ఆ పుస్తకం పేరు. కానీ వెతికితే దొరకాలి కాబట్టి ఖాళీ గడిలో ‘కథలు’ అని కూడా వేయండి. ఇంగ్లీషు మాటలను తెలుగులో కొట్టేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది. ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు లేకుండా కొడితే కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. కొత్త రోజుల అనువాద పుస్తకాలు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వెతికితే దొరకకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇంగ్లీషు అక్షరాల గడి పెట్టమన్నది అందుకు కూడా. ఎక్కడన్నా పాత డీటీపీ ఫాంట్లలో చేసిన జాబితా దొరికితే అది యూనికోడ్ (ఏ కంప్యూటర్ అయినా తెలుగుగా గుర్తించే పద్ధతి) కాదు, కాపీ చేస్తే గుర్తులు గుర్తులుగా వస్తుంది. ముందు యూనికోడ్‌కు మార్చుకుని, ఒత్తులు సరిచూసుకుని వాడండి.

అచ్చంగా అన్నీ చేత్తోనే రాయాలా అంటే, 1960ల నుంచి వచ్చిన పుస్తకాలకు ఒక దగ్గర దారి ఉంది. పీఎల్-480 అనే పథకం కింద అమెరికా మన దేశపు పుస్తకాలు పెద్ద ఎత్తున కొన్నది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఢిల్లీ ఆఫీసు 1962 నుంచి తెలుగు పుస్తకాలు కూడా సేకరించి షికాగో, విస్కాన్సిన్ లాంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. వాటికి చక్కటి వివరాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగులో ఉన్నాయి. కానీ అవి రోమన్ లిపిలో, అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు పెట్టి రాసినవి. గీతలూ చుక్కలూ లేకుండా కొట్టినా దొరుకుతాయి గానీ వాళ్ల పద్ధతి తెలియాలి. వాళ్లకు చ అంటే ‘సీ’ ఒక్కటే, ‘సీ హెచ్’ అంటే ఛ. కాబట్టి చలం కోసం ‘సీ ఏ ఎల్ ఏ ఎం’ అని కొట్టాలి. మనం రాసేటట్టు ‘హెచ్’ కలిపితే దొరకడు. దీర్ఘానికి అక్షరం రెండుసార్లు కొట్టకూడదు, ఒకసారే. ఈ రెండూ గుర్తుంచుకుంటే నాన్నగారి పుస్తకాల్లో పరిశోధన గ్రంథాలు, పాత సంకలనాలు, అకాడమీ ప్రచురణలు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే దొరుకుతాయి. పాకెట్ బుక్స్, డిటెక్టివ్ నవలల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

తెలుగు ఇళ్లలో ఇంకో రకం సరుకు ఉంటుంది, ఏ సైటుకూ అది అర్థం కాదు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించినవి. అమ్మ గారివో, నాయనమ్మ గారివో తప్పకుండా ఉంటాయి, చూడండి. వీటికి పేరు పేజీ ఉండదు, ప్రచురణకర్త ఉండడు. ఒక్కోసారి ఒకే బైండులో రెండు మూడు సీరియళ్లు కలిసి ఉంటాయి. చాలామంది వీటిని ‘చిత్తు’ కింద పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే మీ ఇంట్లో మొదట కేటలాగు చేయాల్సినవి ఇవే. తరవాత పుస్తకంగా వచ్చినప్పుడు రచయితలు మార్చడం, ప్రచురణకర్తలు కుదించడం ఉన్నదే. వారం వారం వేసిన బొమ్మలు పుస్తకంలో ఉండవు. కొన్ని అసలు పుస్తకంగా రానే లేదు. వీటికి పేరు గడిలో సీరియల్ పేరు రాసి, రకంలో ‘సీరియల్ బైండు’ అని పెట్టండి. ప్రచురణకర్త గడిలో పత్రిక పేరు. సంవత్సరం దగ్గర మొదటి వారం తేదీ నుంచి చివరి వారం తేదీ దాకా. పేజీ అడుగున తేదీ లేకపోతే చింపిన కాగితం వెనక వైపు చూడండి, సినిమా ప్రకటనలు, రాశిఫలాలు పట్టిస్తాయి. మధ్యలో ఏ వారాలు లేవో కూడా రాయండి. ఒకే బైండులో మూడు ఉంటే మూడు వరసలు రాసి, మూడింటికీ ఒకే అంకె వేసి పక్కన క, ఖ, గ అని పెట్టండి.

పని జరిగే తీరు చెబుతాను, ఎందుకంటే మీరు అక్కడ, పుస్తకాలు ఇక్కడ. తెనాలిలో ఒక మనిషి ఫొటోలు తీయాలి, మీరు డాలస్‌లో టైపు చేయాలి. పుస్తకానికి మూడు ఫొటోలు చాలు: అట్ట, పేరు పేజీ, ముద్రణ వివరాల పేజీ. ప్రతి ఫొటోలో వరస అంకె రాసిన చీటీ కనబడాలి. లేదంటే ఏ పేజీ ఏ పుస్తకానిదో మీకు తెలియదు. అదే అంకెను పేరు పేజీ వెనక కింది మూల పెన్సిల్‌తో వేయాలి. పెన్ను వద్దు. వెన్ను మీద సెల్లో టేపుతో చీటీలు అతికించడం అసలే వద్దు. కొన్నాళ్లకు టేపు పసుపెక్కి ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం పుస్తకానికి మిగిలిపోతుంది. పేరు పేజీ ఫొటో నుంచి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు లాక్కోవచ్చు. తెలుగు బాగానే చదువుతుంది. పాత సీసం అచ్చుల్లో మాత్రం ఒత్తులు, అరసున్నలు, శకటరేఫలు చూసి సరిచేసుకోవాలి.

‘ఎక్కడుంది’ గడిలో గది, బీరువా, అర అన్న మూడే రాయండి: ‘హాలు–2–4’ అంటే హాల్లో రెండో బీరువా నాలుగో అర. ఇంటికి అంతకు మించి వర్గీకరణ అవసరం లేదు. కొందరు గ్రంథాలయాల్లో విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతి పెట్టమని సలహా ఇస్తారు. ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యమంతా 894.827 కింద వస్తుంది, కవిత్వానికి 894.8271, నాటకానికి 894.8272, కథలు నవలలకు 894.8273. మీ ఇంట్లో రెండు వేల పుస్తకాలు ఆ చివరి అంకె కిందే పడతాయి. వేసి ఏం లాభం? నవల, కథలు, కవిత్వం, నాటకం, విమర్శ, ఆత్మకథ, ఆధ్యాత్మికం అని మాటల్లో పెట్టుకోండి చాలు.

ఇప్పుడు సైటు సంగతి. ఇంటి పుస్తకాలకు నా ఓటు లైబ్రరీథింగ్‌కే. 2005 నుంచి ఉంది. ఇదివరకు రెండు వందల పుస్తకాలు దాటితే డబ్బు కట్టాల్సి వచ్చేది, 2020 మార్చి నుంచి ఎన్నయినా ఉచితం. తెలుగు లిపి తీసుకుంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో పాటు ఎన్నో గ్రంథాలయాల్లో వెతుకుతుంది, పైన చెప్పిన ‘సీ ఏ ఎల్ ఏ ఎం’ కిటుకు అక్కడే పనిచేస్తుంది. చేత్తో ఎక్కించుకోవచ్చు, మీ అట్ట ఫొటో పెట్టుకోవచ్చు, ఎవరికి అరువిచ్చారో రాసుకోవచ్చు, అంతా బయటికి తెలియకుండా ప్రైవేటుగా ఉంచుకోవచ్చు. ముఖ్యంగా మొత్తం జాబితాను ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చు. ముఖం మాత్రం పాతకాలంగా ఉంటుంది, మీ పిల్లలు నవ్వుతారు, పట్టించుకోకండి.

గుడ్‌రీడ్స్ చదివినవాటి డైరీ, దాన్ని అలాగే వాడుకోండి. మన ఇంట్లో ఏ కాపీ ఎక్కడుందో చెప్పే పని దానిది కాదు. ఓపెన్ లైబ్రరీ ఇంకో రకం. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లది, ఎవరైనా పుస్తకం చేర్చవచ్చు, ఐఎస్‌బీఎన్ లేకపోయినా పరవాలేదు. మీ దగ్గర ఎక్కడా కనిపించని పుస్తకాలు ఉంటే వాటి వివరాలు అక్కడ కూడా ఎక్కిస్తే, రేపు అదే పుస్తకం కోసం వెతికే ఇంకో తెలుగువాడికి దొరుకుతుంది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే మిత్రబృందం ఉంటే ఇన్వెంటైర్ చూడండి, అరువుకా, ఊరికే ఇచ్చేదా, అమ్మేదా అని ప్రతి పుస్తకానికీ గుర్తు పెట్టుకునే వీలుంది. పీడీఎఫ్‌లు, ఈ-పుస్తకాలు మీ కంప్యూటర్‌లో గుట్టగా పడి ఉంటే వాటికి క్యాలిబర్, పరిశోధన చేసేవారికి జొటేరో. ఈ రెండిటినీ బీరువాలోని పుస్తకాలకు లాగకండి.

షీట్‌ను సైటులోకి ఎక్కించేటప్పుడు ఎక్సెల్ రెండు చోట్ల ముంచుతుంది. ఐఎస్‌బీఎన్ గడిని ముందే ‘టెక్స్ట్’ అని మార్చకపోతే పదమూడంకెలు కాస్తా ‘9.78ఈ+12’ అయి కూర్చుంటాయి. అలాగే సీఎస్‌వీగా (వివరాలను కామాలతో విడదీసి దాచే మామూలు ఫైలు) సేవ్ చేస్తే అసలు అంకె పోయినట్టే. రెండోది, సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. కంగారుపడి అలాగే సేవ్ చేయకండి, మూసేయండి. డేటా మెనూ లోంచి ఫైలును తెచ్చుకుని, ‘ఫైల్ ఆరిజిన్’ అన్నచోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు తెలుగుగానే వస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఈ తెలుగు బాధ ఉండదు. ముందు ఇరవై పుస్తకాలు ఎక్కించి చూసి, రచయితల పేర్లు తిరగబడలేదని నిర్ధారించుకుని మిగతావి ఎక్కించండి.

ఊరి గ్రంథాలయానికి అదే సరిపోతుందా అన్నారు. సరిపోదు, ఎందుకంటే అక్కడ పుస్తకం చేతులు మారుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థ కింది శాఖ అయితే మీ మిత్రులు సొంతంగా ఏమీ మొదలుపెట్టకుండా ముందు లైబ్రేరియన్‌తో మాట్లాడాలి. అక్కడ యాక్సెషన్ రిజిస్టరే లెక్క, ప్రతి పుస్తకానికీ దాంట్లో అంకె ఉంటుంది. మీ షీట్‌లో కూడా అదే అంకె వాడాలి గానీ కొత్తది పుట్టించకూడదు. ప్రైవేటుగా నడిచేదైతే, ముందు ఒక యాక్సెషన్ రిజిస్టరు పుస్తకం కొనండి. కంప్యూటర్ ఉన్నా సరే. పుస్తకం వచ్చిన తేదీ, ఎవరిచ్చారు, వెల, తరవాత ఏమైంది అన్నది సిరా రాతలో ఉంటే రేపు స్టాక్ వెరిఫికేషన్ రోజున తగువులు ఉండవు. ఎవరైనా ఎడిట్ చేయగల షీట్ ఒక్కటే ఆధారమైతే ఉంటాయి.

చిన్న గ్రంథాలయాలకు లైబ్రరీథింగ్ వాళ్లదే టైనీక్యాట్ ఉంది. ఇరవై వేల పుస్తకాల దాకా పడతాయి, సభ్యులు, అరువులు, గడువు తేదీలు చూసుకుంటుంది. సంస్థలకు అది ఉచితం కాదు, నెలకు కొంత కట్టాలి. కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉచితం. న్యూజిలాండ్‌లోని హొరోవెనువా గ్రంథాలయం కోసం తయారై 2000 జనవరిలో పని మొదలుపెట్టింది, ఇప్పుడు మన దేశంలో కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ విస్తారంగా వాడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ సర్వరు, దాన్ని చూసుకునే మనిషి ఉచితం కాదు. ఆ కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన మర్నాటి నుంచి కోహా మూలన పడ్డ గ్రంథాలయాలు నేను చూశాను. పెట్టేవారికి ఒక సాంకేతిక హెచ్చరిక కూడా: దాని పాత వెతుకుడు ఇంజను జీబ్రాను ఐసీయూ అనే, యూనికోడ్ లిపులను అర్థం చేసుకునే పద్ధతిలోకి మార్చకపోతే తెలుగులో వెతకడం సరిగా సాగదు, పుస్తకం ఉండి కూడా లేదంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా ప్రభుత్వ గ్రంథాలయాల కోసం చేసింది, మీ మిత్రులది అలాంటిది అయితే దాని గురించి అడగవచ్చు. నాలుగైదు వేల పుస్తకాలు, సాయంత్రం రెండు గంటలు తెరిచే గ్రంథాలయం అయితే షీట్, రిజిస్టరు, అరువులకు ఒక నోటు పుస్తకం చాలు. సభ్యులు పెరిగి నోటు పుస్తకంలో వెతకడం కష్టమైననాడు టైనీక్యాట్‌కు మారవచ్చు. షీట్ శుభ్రంగా ఉంటే మారడం పెద్ద పని కాదు.

నాన్నగారి పుస్తకాల్లో వేరే గ్రంథాలయం ముద్ర ఉన్నవి కొన్ని తగులుతాయి. అద్దె పుస్తకాల షాపు ముద్రలైతే ఏం లేదు, ఆ షాపులు మూసేసినప్పుడు అమ్ముకున్నవే. ప్రభుత్వ గ్రంథాలయం ముద్ర ఉండి ‘తొలగించడమైనది’ అన్న రెండో ముద్ర లేకపోతే మాత్రం వేరే పెట్టండి. మొదటి పేజీ ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, మన గ్రంథాలయాల్లో లోపల ఎక్కడో ఒక ఖాయమైన పేజీలో కూడా ముద్ర వేయడం అలవాటు.

డబ్బిచ్చి చేయించవచ్చా అంటే, ఫొటోల వరకు చేయించండి. దగ్గర్లో లైబ్రరీ సైన్స్ చదివే పిల్లలు దొరికితే మరీ మంచిది. టైపు మాత్రం మీరు చేయండి, లేదా మీరే సరిచూడండి. నాన్నగారు ఓపికగా ఉంటే రోజూ కాసేపు ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి. ఏ పుస్తకం ఎవరిచ్చారు, ఎక్కడ కొన్నారు అన్నది ఆ ఖాళీ గడిలోకి ఆయన నోటి నుంచే రావాలి, ఫొటోలో కనిపించదు. కూలి పుస్తకానికింత అని మాట్లాడుకోకండి. అలా మాట్లాడుకుంటే సన్న పుస్తకాలన్నీ మొదటి వారంలోనే అయిపోతాయి, దుమ్ము పట్టిన బైండ్లు అడుగునే ఉండిపోతాయి. రోజుకింత అని మాట్లాడి, బైండ్ల బీరువాతోనే మొదలుపెట్టించండి.